రోడ్డు కింద రేగడి: డెల్టాలో ఏ మట్టి పరీక్ష ఎప్పుడు చేయించాలి?

మే నెలలో గోదావరి డెల్టాలోని ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు చేలల్లో నడిస్తే నెర్రెల్లో చెయ్యి పడుతుంది. గునపం వేస్తే ఠంగుమంటుంది. అదే చోట సెప్టెంబరులో కాలు పెడితే చెప్పు బురదలో వదిలేసి రావాలి. మట్టి అదే, మారింది నీరు. రోడ్డు కింది మట్టికి చేసే పరీక్షల్లో మూడు పేర్లు ఎక్కువగా వినపడతాయి: సీబీఆర్ అంటే ల్యాబులో నానబెట్టిన మట్టిలోకి కడ్డీ దింపేది, డీసీపీ అంటే సైటులో సుత్తితో శంకువుని దింపేది, ఎఫ్‌డబ్ల్యూడీ అంటే పాత రోడ్డు మీద బరువు పడేసి వంపు కొలిచేది. "సీబీఆర్ చేయించాలా, డీసీపీ సరిపోతుందా, ఎఫ్‌డబ్ల్యూడీ బండి తెప్పించాలా?" అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది పరీక్ష పేరు అడుగుతారు గానీ, ఎంత నీరు తాగిన మట్టిని పరీక్షించాలో అడగరు. గోదావరి డెల్టాలో మొదట అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.

కొత్తగా చేరిన ఏఈలకి (అసిస్టెంట్ ఇంజినీర్లకి), చిన్న కాంట్రాక్టర్లకి, మా పుంతకి, అంటే మట్టి బాటకి, తారు రోడ్డు వస్తోందంటే దగ్గరుండి చూసుకునే ఊరివాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ల్యాబు, సైటు రెండు చోట్లా పనిచేసినవాణ్ణి కాబట్టి రెండు వైపుల తప్పులూ తెలుసు. కొన్ని నేను చేసినవే.

బలం వేరు, బిగువు వేరు

బోదె మీద అడ్డంగా వేసిన కొబ్బరి దుంగ దాటినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. ఇద్దరు మనుషులు వరి మోపులతో దాటినా దుంగ విరగదు. కానీ అడుగు వేసినప్పుడల్లా కిందికి ఊగి పైకి లేస్తుంది. విరక్కుండా మోసేది బలం. ఊగకుండా ఉంచేది బిగువు, పుస్తకాల్లో దృఢత్వం అంటారు. ఆ దుంగ మీద సిమెంటు పూత పూశామనుకోండి, నాలుగు రోజుల్లో పగులుతుంది. దుంగకి బలం లేక కాదు, ఊగడం వల్ల.

తారు రోడ్డుకీ ఇదే జరుగుతుంది. కింది మట్టికి, అంటే సబ్‌గ్రేడ్‌కి, బలం చాలకపోతే చక్రాల జాడలో రోడ్డు గాడి పడి పక్కకి ఉబుకుతుంది. బిగువు చాలకపోతే పైకి వెంటనే ఏమీ కనపడదు. వెళ్లిన ప్రతి లారీకీ పిసరంత వంగి లేస్తుంది. లక్షల సార్లు వంగి లేచాక తారు పొర మొసలి వీపులా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీరు దిగిందంటే మిగతా పని నీరే చూసుకుంటుంది.

కాబట్టి అన్ని పరీక్షల్నీ ఒకే గాటన కట్టకూడదు. వేన్ షియర్ (బంకలో రెక్కల కత్తి తిప్పేది), యూసీఎస్ (మట్టి స్తంభాన్ని పైనుంచి అదిమి విరగ్గొట్టేది) బలాన్ని కొలుస్తాయి. ప్లేట్ లోడ్, ఎఫ్‌డబ్ల్యూడీ, ల్యాబులో చేసే రిజిలియెంట్ మాడ్యులస్ బిగువుని కొలుస్తాయి. మనం ఎక్కువగా వాడే సీబీఆర్, డీసీపీ మాత్రం నిజానికి రెండిట్లో దేన్నీ నేరుగా కొలవవు. మట్టిలోకి ఒక కడ్డీనో శంకువునో దింపి, అది ఎంత ఎదురు తిరిగిందో చెబుతాయి. ఆ అంకె నుంచి బిగువుని లెక్కగట్టడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి తారు రోడ్ల డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ:37 సూత్రం ఇచ్చింది. సీబీఆర్ 5 వరకు ఉంటే దాన్ని పదితో గుణిస్తే మెగాపాస్కల్స్‌లో మాడ్యులస్, అంటే బిగువు అంకె, వస్తుంది. 5 దాటితే సీబీఆర్‌ని 0.64 ఘాతానికి పెంచి 17.6తో గుణించాలి. అంటే సీబీఆర్ 3 మట్టికి 30 మెగాపాస్కల్స్, 8 మట్టికి సుమారు 67. ఈ సూత్రం చాలామంది బురదలో దిగి తెచ్చిన అనుభవ సారమే గానీ, మీ మట్టిని కొలిచి చెప్పింది కాదు. రిపోర్టులో "మాడ్యులస్ 30" అని కనపడగానే అది పరీక్షలో వచ్చిందా, సూత్రంలో వచ్చిందా అని అడగండి.

సీబీఆర్: అందరూ చేయించేదే, అందరూ తప్పుగా చేయించేదే

1920ల చివర్లో కాలిఫోర్నియా రహదారుల శాఖలో పుట్టిన పరీక్ష ఇది. మనకి భారత ప్రమాణం ఐఎస్ 2720 పదహారో భాగంలో ఉంటుంది. 150 మి.మీ. వ్యాసం ఉన్న మోల్డులో మట్టిని దట్టించి, నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, 50 మి.మీ. వ్యాసం ఉన్న ప్లంజర్‌ని, అంటే కడ్డీని, నిమిషానికి 1.25 మి.మీ. వేగంతో దింపుతారు. 2.5 మి.మీ. దిగడానికి పట్టిన బరువుని 1370 కేజీలతో, 5 మి.మీ. దిగడానికి పట్టినదాన్ని 2055 కేజీలతో పోల్చి శాతంగా చెబుతారు. ఆ 1370, 2055 అనేవి మంచి కంకరకి పట్టే బరువులు.

డెల్టా ఇంజినీరు ముందు చూడాల్సింది ఒకటుంది. సీబీఆర్ 3 అంటే 2.5 మి.మీ. దగ్గర పడే బరువు 41 కేజీలు. బియ్యం బస్తా కంటే తక్కువ! చాలా ల్యాబుల్లో మెషీనుకి 50 కిలోన్యూటన్ల, అంటే దాదాపు 5 టన్నుల, ప్రూవింగ్ రింగు (బరువు కొలిచే రింగు) బిగించి ఉంటుంది. ఎర్ర గ్రావెల్‌కీ మెటల్‌కీ అది బాగానే ఉంటుంది. మన నల్ల బంకమట్టికి అదే రింగు పెడితే ముల్లు పట్టుమని పది గీతలు కూడా కదలదు. చదివేవాడు ఒక గీత అటూ ఇటూ చూశాడంటే జవాబు పదో వంతుకి పైగా మారిపోతుంది. కిరాణా కొట్టులో ఏలకులు తూచే చోట ధాన్యం కాటా పెట్టినట్టు. చిన్న సామర్థ్యం ఉన్న రింగు పెట్టమని అడగండి. ల్యాబువాళ్లు విసుక్కుంటారు, ఫరవాలేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, సీబీఆర్ కింది కొసలో ప్రతి అంకెకీ డబ్బుంది. ఐఆర్‌సీ:37 పాత 2001 సంచికలో 10 ఎంఎస్ఏ ట్రాఫిక్‌కి, అంటే కోటి ప్రామాణిక ఇరుసులు దాటే రోడ్డుకి, ఇచ్చిన మందాలు చూడండి: సీబీఆర్ 2 అయితే మొత్తం 850 మి.మీ., 4 అయితే 700, 8 అయితే 550, 10 అయితే 540. ఎనిమిదికీ పదికీ తేడా ఒక్క సెంటీమీటరు. రెండుకీ నాలుగుకీ తేడా పదిహేను! ఏడు మీటర్ల వెడల్పు రోడ్డుకి కిలోమీటరుకి వెయ్యి ఘనపు మీటర్ల పైమాటే. మన దగ్గర రాయీ లేదు, గ్రావెలూ లేదు. మెట్ట ప్రాంతం నుంచి, రాజానగరం వైపు నుంచో ద్వారకా తిరుమల వైపు నుంచో టిప్పర్లలో రావాలి. మెట్టలో ఇంజినీరు సీబీఆర్‌ని 8 అన్నా 10 అన్నా పెద్ద నష్టం లేదు. డెల్టాలో 2 బదులు 4 అని రాస్తే రోడ్డు రెండో వర్షాకాలం చూడదు. 4 బదులు 2 అని రాస్తే డబ్బు మట్టిపాలు.

ఇంకో తప్పు సాంద్రత దగ్గర జరుగుతుంది. ల్యాబులో 4.89 కేజీల రామర్‌తో (దిమ్మిసతో) ఐదు పొరలుగా, పొరకి 56 దెబ్బలు చొప్పున దట్టించి నూటికి నూరు సాంద్రత తెస్తారు. సైటులో రోలర్ ఎంత తెస్తుంది? స్పెసిఫికేషన్ సబ్‌గ్రేడ్‌కి 97 శాతం అడుగుతుంది. తడి బంకమట్టి మీద ఆ 97 తేవడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు. అందుకే మోల్డుని సైటులో రాబోయే సాంద్రతకి తయారు చేయమని ఉత్తరంలో రాసివ్వాలి. రాయకపోతే ల్యాబు తనకి సులువైనదే చేస్తుంది. ఒక్కో మట్టికి మూడు మోల్డులు చేయాలి. సీబీఆర్ 5 లోపు ఉన్నప్పుడు వాటి మధ్య తేడా ఒకటి దాటితే ఇంకో మూడు చేసి ఆరింటి సగటు తీసుకోవాలి. 2.1, 2.1, 2.2 అని మరీ ముచ్చటగా వచ్చిన రిపోర్టుని నేను ఒకటికి రెండుసార్లు చూస్తాను.

నానబెట్టే ఆ నాలుగు రోజుల్లో మోల్డు మీద డయల్ గేజ్ పెట్టి మట్టి ఎంత ఉబ్బిందో కూడా రాస్తారు. చాలామంది సీబీఆర్ అంకె చూసి ఆ ఉబ్బు అంకె వదిలేస్తారు. రేగడి విషయంలో నాకు రెండోదే ముఖ్యం. సీబీఆర్ 2.5 ఉండి ఉబ్బని మట్టితో నెగ్గుకురావచ్చు. ఉబ్బే మట్టి మీద ఎంత మందం వేసినా అంచులు లేచి, మధ్యలో నిలువునా పగులుతుంది. దీన్ని ముందే పట్టుకునే చవక పరీక్ష ఫ్రీ స్వెల్ ఇండెక్స్. పది గ్రాముల జల్లెడ పట్టిన మట్టిని ఒక జాడీలో నీళ్లలో, ఇంకో జాడీలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, ఆ తేడాయే జవాబు. 50 శాతం దాటితే కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ప్రకారం అది కట్టకి కూడా పనికిరాదు. సీబీఆర్ కోసం నాలుగు రోజులు ఆగేముందే ఇది చేయించండి. 50 దాటిన మట్టికి సీబీఆర్ ఎంతైతే ఏం?

డీసీపీ: చవక, తొందర, మోసం

డైనమిక్ కోన్ పెనిట్రోమీటర్ ఇద్దరు మనుషులు మోయగలిగిన పనిముట్టు. 8 కేజీల సుత్తిని 575 మి.మీ. ఎత్తు నుంచి వదిలితే 20 మి.మీ. వ్యాసం, 60 డిగ్రీల కొన ఉన్న శంకువు భూమిలోకి దిగుతుంది. దెబ్బకి ఎన్ని మి.మీ. దిగిందో రాసుకోవడమే. పావుగంటలో ఒక పాయింటు అయిపోతుంది. పుంత పొడవునా వంద మీటర్లకొకటి కొట్టుకుంటూ పోతే సాయంత్రానికి రోడ్డు మొత్తం జాతకం చేతికొస్తుంది. ఎక్కడ పాత చెరువు పూడ్చారో, ఎక్కడ ఒకప్పటి బోదె ఉండేదో, ఎక్కడ లంక ఇసక తగిలిందో అన్నీ కనపడతాయి. ఈ పని సీబీఆర్ చేయలేదు. మూడు చోట్ల సంచులు నింపి ల్యాబుకి పంపితే ఆ మూడు చోట్ల గురించే తెలుస్తుంది. మధ్యలో ఉన్నదాని గురించి దేవుడే చెప్పాలి.

మోసం ఎక్కడంటే, అది ఆ రోజున్న నేలనే చూస్తుంది. ఐఆర్‌సీ:37 ఇచ్చిన సూత్రం ప్రకారం దెబ్బకి 12 మి.మీ. దిగితే సీబీఆర్ సుమారు 18. 40 మి.మీ. దిగితే 4.7. 70 మి.మీ. దిగితే 2.5. రేగడి నేల మీద మే నెలలో మొదటి అంకె, సెప్టెంబరులో చివరి అంకె రావడంలో వింతేమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక కొట్టిన డీసీపీ అంకెల్ని నేను నేరుగా డిజైన్‌లో పెట్టబోయాను. పక్కనున్న పెద్దాయన, మట్టిపని మేస్త్రీ, "బాబూ, దాళ్వా నీళ్లు పెట్టాక ఒక్కసారి రా" అని మాత్రం అన్నాడు. ఆ మాట విని ఆగాను కాబట్టి ఈరోజు ధైర్యంగా రాయగలుగుతున్నాను.

అందుకే నా పద్ధతి ఇలా ఉంటుంది. డీసీపీతో రోడ్డుని ముక్కలుగా విడగొట్టాలి, మంచి ముక్క, మధ్యరకం, చెడ్డ ముక్క అని. ప్రతి ముక్క నుంచీ సంచి తీసి నానబెట్టిన సీబీఆర్ చేయించాలి. డిజైన్‌కి ల్యాబు అంకె, ఎక్కడ ఏ డిజైన్ వేయాలో చెప్పడానికి డీసీపీ. రెండూ పోటీదారులు కావు. డబ్బు తక్కువుండి ఒక్కటే చేయించగలిగితే? ఉబ్బే నేల అయితే నానబెట్టిన సీబీఆర్. కోనసీమ కొబ్బరి తోటల వైపు ఇసక పాలు ఎక్కువున్న ఒండ్రు నేల అయితే డీసీపీ చాలు, ఎందుకంటే ఇసక నీళ్లు తాగినా బంకమట్టిలా నీరసించిపోదు.

గ్రామీణ రోడ్లకి ఐఆర్‌సీ ఎస్పీ:72 సబ్‌గ్రేడ్‌ని తరగతులు చేసింది. సీబీఆర్ 2 అంటే అతి బలహీనం, 3–4 బలహీనం, 5–6 ఫరవాలేదు, 7–9 మంచిది, 10–15 చాలా మంచిది. మన పుంతల్లో సహజ మట్టి ఎక్కువగా మొదటి రెండిట్లోనే పడుతుంది. పుంత రోడ్డుకి ఇంతకు మించిన పరీక్షలు చెప్పే కన్సల్టెంటుని కాస్త అనుమానించండి.

పళ్లేల పరీక్షలు

ప్లేట్ లోడ్ పరీక్షలో 750 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు పళ్లేన్ని నేల మీద పెట్టి, పైన లోడు టిప్పర్‌ని ఆధారం చేసుకుని జాకీతో అదుముతారు. 1.25 మి.మీ. కుంగడానికి పట్టిన ఒత్తిడి నుంచి కె-విలువ, అంటే నేల ఎంత ఒత్తిడికి ఎంత కుంగుతుందో చెప్పే అంకె, వస్తుంది. కాంక్రీటు రోడ్ల డిజైన్‌కి కావాల్సింది ఇదే. పళ్లెం పెద్దది కాబట్టి మీటరు లోతుకి పైగా ఉన్న మట్టి స్వభావం కూడా ఇందులో తెలుస్తుంది, అది దీని గొప్ప. కానీ డెల్టాలో కష్టం ఏమిటంటే, మెత్తటి నేల మీదికి లోడు టిప్పర్‌ని తీసుకెళ్లడమే ఒక పరీక్ష. దిగబడిన టిప్పర్‌ని లాగడానికి ఇంకో బండి రావాలి. పైగా ఆ రోజున్న తేమలోనే జవాబు వస్తుంది, తర్వాత తేమకి సవరించుకోవాలి.

మరి ఊళ్లో సీసీ రోడ్డుకి ఇది చేయించాలా? అక్కర్లేదు. కాంక్రీటు రోడ్ల పుస్తకం ఐఆర్‌సీ:58లో నానబెట్టిన సీబీఆర్ నుంచి కె-విలువకి పట్టిక ఉంది. సీబీఆర్ 2కి 21, 4కి 35, 10కి 55, 20కి 69, అన్నీ మీటరుకి మెగాపాస్కల్స్‌లో. సీబీఆర్ పది రెట్లైతే కె మూడు రెట్లు పైన. కాంక్రీటు పలక దానంతట అదే బరువుని నలుమూలలకీ పంచేస్తుంది కాబట్టి కె కొంచెం అటూ ఇటూ అయినా పలక మందం పెద్దగా మారదు. పలకని విరగ్గొట్టేది బలహీనమైన మట్టి కంటే ఒకచోట మెత్తగా ఒకచోట గట్టిగా ఉండే మట్టి. కొళాయి పైపుల కోసం తవ్వి వదులుగా పూడ్చిన చోట, మురుగు కాలవ పక్కన మట్టి జారిపోయిన చోట పలక కింద బోలు ఏర్పడి విరుగుతుంది. ఆ డబ్బుతో వీధంతా డీసీపీ కొట్టించండి, పూడ్చిన గోతుల దగ్గర మరీ దగ్గరదగ్గరగా.

చిన్న పళ్లెంతో చేసే లైట్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ డిజైన్‌కి కాదు, పనిలో నాణ్యత చూసుకోవడానికి. పది కేజీల బరువు 300 మి.మీ. పళ్లెం మీద పడుతుంది, నిమిషంలో అంకె వస్తుంది. రోలింగ్ అయిన వెంటనే వరసగా చూసుకుంటూ వెళ్లొచ్చు. మన కాంట్రాక్టర్ల దగ్గర ఇది అరుదు. ఇసకతో చేసే సాంద్రత పరీక్ష, అదే శాండ్ రీప్లేస్‌మెంట్, బిల్లులకి తప్పదు గనుక అదే నడుస్తోంది. దానికీ ఒక ఇబ్బంది ఉంది. సాంద్రత 97 శాతం వచ్చిందంటే మట్టి బాగా అణిగిందని అర్థం, బిగువుగా ఉందని కాదు. తేమ ఎక్కువైన బంకమట్టి రోలర్ కింద రబ్బరులా ఊగడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి సాంద్రత రిపోర్టుతో పాటు లోడు టిప్పర్‌ని మెల్లగా నడిపించి, చక్రం పక్కన నేల ఊగుతోందా అని కూర్చుని చూడండి. దీనికి పైసా ఖర్చులేదు.

పాత రోడ్డు మీద పొర వేయాలంటే

రోడ్డు ఇప్పటికే ఉండి, దాన్ని బలపరచాలన్నప్పుడు మోల్డులో దట్టించిన మట్టి కంటే పదిహేనేళ్లుగా రోడ్డు కింద ఉన్న మట్టి ఏం చెబుతుందో వినడం మేలు. దానికి ఎఫ్‌డబ్ల్యూడీ, అంటే ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్. ట్రైలర్ మీద అమర్చిన బరువు 300 మి.మీ. పళ్లెం మీద పడి 40 కిలోన్యూటన్ల దెబ్బ వేస్తుంది. వేగంగా వెళ్లే లారీ చక్రం దెబ్బతో సమానమన్నమాట. వరసగా పెట్టిన సెన్సార్లు రోడ్డు ఎక్కడెక్కడ ఎంత వంగిందో రాసుకుంటాయి. దూరంగా ఉన్న సెన్సార్ల దగ్గర వంపు ఎక్కువుంటే తప్పు సబ్‌గ్రేడ్‌ది, దగ్గరవాటిలోనే ఎక్కువుంటే పై పొరలది. ఐఆర్‌సీ:115 దీని పద్ధతి చెబుతుంది. దానికి ముందు ఐఆర్‌సీ:81 ప్రకారం 8170 కేజీల వెనక ఇరుసు ఉన్న లారీ, రోడ్డు వంపు కొలిచే బెంకెల్‌మన్ బీమ్ వాడేవాళ్లం. బీమ్ మొత్తం వంపు ఒక్కటే చెబుతుంది, తప్పు ఏ పొరదో చెప్పదు. చిన్న రోడ్డుకి ఇప్పటికీ అది పనికొస్తుంది. కత్తిపూడి నుంచి అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి లాంటి వాటికి బీమ్‌తో సరిపెట్టుకోవడం పిసినారితనం.

కాలవ గట్టు రోడ్ల మీద మాత్రం ఒక జాగ్రత్త. డెల్టాలో సగం రోడ్లు కాలవ పక్కనే కదా. నీళ్లు పారే నెలల్లో గట్టు లోపలి మట్టి తడిగా ఉంటుంది. ఏప్రిల్‌లో కట్టేశాక ఆరుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటుందని, ఎండలు కాస్తున్నాయని మేలో ఎఫ్‌డబ్ల్యూడీ చేయిస్తే సబ్‌గ్రేడ్ నిజం కంటే బిగువుగా కనపడుతుంది. వర్షాలు వెనక్కి తగ్గాక, కాలవలో నీరు నిండుగా ఉన్నప్పుడు చేయించండి. తప్పనిసరై వేసవిలోనే చేయించాల్సి వస్తే, రెండు మూడు చోట్ల గొయ్యి తీసి, తేమ కొలిచి, ఆ మట్టినే నానబెట్టి సీబీఆర్ చేసి, రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి.

అసలు సిసలు బిగువు పరీక్ష

ల్యాబులో రిజిలియెంట్ మాడ్యులస్ కొలిచే పరీక్ష అమెరికా ప్రమాణం ఆష్టో టీ 307. మట్టి స్తంభాన్ని రబ్బరు తొడుగులో పెట్టి, చుట్టూ ఒత్తిడి ఇచ్చి, సెకనులో పదో వంతు సేపు అదిమి, మిగతా తొమ్మిది వంతులు వదిలేస్తూ వేల సార్లు చేస్తారు. ప్రతిసారీ తిరిగి లేచిన వంపుని కొలుస్తారు. బోదె మీద దుంగ ఊగడాన్ని అచ్చంగా కొలవడం ఇదే. బంకమట్టి మీద బరువు పెరిగేకొద్దీ బిగువు తగ్గుతుందని, ఇసకకి చుట్టూ ఒత్తిడి పెరిగితే బిగువు పెరుగుతుందని ఇది చూపిస్తుంది. ఒక్క సీబీఆర్ అంకెలో ఇవి కనపడవు.

ఎవరికి అవసరం? చాలా తక్కువమందికి. పరికరం ఉన్న ల్యాబులు తక్కువ, చేయగలిగిన చేతులు ఇంకా తక్కువ. కోట్ల లారీల రహదారికి, రేగడిని సున్నంతోనో సిమెంటుతోనో మార్చి వాడాలనుకున్నప్పుడు, ఆ మార్చిన మట్టికి సీబీఆర్ సూత్రం వాడటం సరికాదు కాబట్టి, అప్పుడు చేయించాలి. మామూలు మట్టికి ఒక్క నమూనా మీద ఈ పరీక్ష చేయించి గర్వపడే బదులు, అదే డబ్బుతో ఇరవై చోట్ల డీసీపీ, ఆరు చోట్ల నానబెట్టిన సీబీఆర్ చేయిస్తే రోడ్డుకి మంచిది. ఒక్క చోట ఎంత సూక్ష్మంగా కొలిచినా, వంద మీటర్ల అవతల పూడ్చిన చేపల చెరువుంటే ఆ సూక్ష్మం దేనికి?

జాతీయ రహదారి స్థాయిలో ఇంకో సంగతి. కింద కట్ట రేగడి కలిసిన మట్టితో, పైన 500 మి.మీ. సబ్‌గ్రేడ్ మెట్ట గ్రావెల్‌తో వేసినప్పుడు గ్రావెల్ సీబీఆర్ ఒక్కటే డిజైన్‌లో రాసేస్తుంటారు. అది తప్పు. ఐఆర్‌సీ:37 ప్రకారం కింది మట్టి, పై మట్టి రెండిటి మాడ్యులస్ తీసుకుని, ఒక చక్రం బరువుకి పైన వచ్చే వంపు లెక్కగట్టి, దానికి సరితూగే ఒకే మాడ్యులస్ వాడాలి. పరుపు ఎంత మంచిదైనా నులక మంచం వదులైతే నడుం పడిపోతుంది.

సీబీఆర్‌తో పని లేని చోట్లు

సముద్రం వైపు వెళ్లేకొద్దీ, నరసాపురం, రాజోలు దిగువన, పైపొర కింద మెత్తటి బంక తగులుతుంది. అక్కడ వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డుకి ఆరు మీటర్ల కట్ట పోయాలన్నప్పుడు పైపొర సీబీఆర్ ఎంతన్నది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న, కింది బంక ఆ కట్టని మోస్తుందా అని. దీనికి బోరు వేసి లోపల వేన్ షియర్ చేయించాలి. నాలుగు రెక్కల కత్తిని బంకలో దింపి తిప్పితే, మట్టి తెగడానికి పట్టిన మెలి నుంచి బలం వస్తుంది. ముతక లెక్క ఒకటి చెబుతాను. బలం 15 కిలోపాస్కల్స్ వచ్చిందనుకోండి, దాన్ని 5.14తో గుణించి కట్ట మట్టి బరువుతో, అంటే ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లతో, భాగిస్తే 4.3 మీటర్లు. ఆ ఎత్తు దగ్గర కట్ట కూలే అంచున ఉంటుంది. ఒకటిన్నర రెట్ల భద్రత పెట్టుకుంటే మూడు మీటర్ల లోపే పోయాలి. ఆరు మీటర్లు కావాలంటే వంతెనని పొడిగించడమో, దఫదఫాలుగా పోసి నేల బిగిసేదాకా ఆగడమో చేయాలి. జిగురు ఎక్కువున్న బంకలో వేన్ బలాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది కూడా, సవరించకుండా వాడకండి.

కాలవ గట్టు రోడ్డు కాలవ వైపుకి జారడం కూడా ఈ కోవలోదే. కాలవ కట్టేసినప్పుడు నీటిమట్టం గబుక్కున దిగుతుంది. గట్టు లోపలి నీరు అంత వేగంగా దిగదు. తడి బరువుతో ఉన్న మట్టిని అటు నుంచి ఆపే నీరు లేక, అంచు జారుతుంది. రోడ్డు పగులు కాలవకి సమాంతరంగా, వంపు తిరిగి కనపడితే అది మందం చాలక వచ్చింది కాదు. మళ్లీ తారు పొర వేస్తే బరువు పెరిగి ఇంకా జారుతుంది. అక్కడ సీబీఆర్, ఎఫ్‌డబ్ల్యూడీ రెండూ పక్కన పెట్టి, గట్టు మట్టికి షియర్ పరీక్ష చేయించి, అంచుకి ఆధారం కట్టే లెక్క చూడాలి.

సంచి పంపేటప్పుడు

ఏ పరీక్ష ఎంచుకున్నా, మట్టి సంచి తప్పైతే అంతా తప్పు. పైన గడ్డి, వేళ్లు ఉన్న పొర తీసేసి, రోడ్డు పునాది వచ్చే లోతు నుంచి తీయండి. ప్రాక్టర్ (ఎంత తేమలో ఎంత సాంద్రత వస్తుందో చూసేది), మూడు సీబీఆర్ మోల్డులు, ఫ్రీ స్వెల్, జిగురు పరీక్షలు అన్నిటికీ కలిపి ఒక్కో చోటు నుంచి 40 కేజీలైనా పంపాలి. తేమ చూడటానికి పిడికెడు మట్టిని ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా కట్టి వేరుగా పెట్టండి. సంచి మీద కిలోమీటరు, లోతు, తేదీ అందరూ రాస్తారు. నేను ఇంకో మూడు రాయిస్తాను: ఆ రోజు పక్క చేలో ఏముందో, సార్వా నాటా, దాళ్వా కోతా, చెరువా అని, కాలవ పారుతోందా, కట్టేశారా అని, గోతిలో నీళ్లు ఎంత లోతులో ఊరాయో అని. సబ్‌గ్రేడ్ అడుగు నీటిమట్టానికి కనీసం 0.6 నుంచి 1 మీటరు పైన ఉండాలి. రోడ్డు ఎంత ఎత్తు లేపాలో ఆ మూడో వివరమే చెబుతుంది.